చపాతీ పిండితో బ్రెడ్: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

మైదా ఒక్క చెంచా కూడా కలపకుండా, ఇంట్లో చపాతీలకు వాడే గోధుమపిండితోనే మెత్తని బ్రెడ్ వస్తుంది. కాకపోతే చపాతీ పిండి కలిపే చేతికి ఉన్న అలవాట్లు కొన్ని ఇక్కడ అడ్డొస్తాయి. చాలామంది ఈస్ట్‌ను తిట్టుకుంటారు గానీ, నా అనుభవంలో పదిలో ఏడుసార్లు తప్పు నీళ్ల దగ్గరో, పిండి పొంగే సమయం దగ్గరో ఉంటుంది.

కింద చెప్పేవన్నీ ఈ కొలత మీద ఆధారపడినవి: గోధుమపిండి 500 గ్రాములు, నీళ్లు 390 మి.లీ., ఉప్పు 9 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, నూనె రెండు చెంచాలు, బెల్లం పొడి ఒక చెంచా. వంటింటి తూకం లేకపోతే ముందు అది కొనండి. కప్పుల కొలతతో చేస్తే, ఈసారి బాగా వచ్చింది మళ్లీసారి ఎందుకు రాలేదో ఎప్పటికీ తెలియదు.

బ్రెడ్ బరువుగా, గట్టిగా, ఎత్తు లేకుండా వస్తోంది

అందరూ మొదట చెప్పేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ నీళ్లు చాలకపోవడమే. చపాతీ ముద్ద గట్టిగా, చేతికి అంటకుండా ఉండాలి. బ్రెడ్ ముద్ద అలా ఉంటే లోపల గాలి బుడగలు సాగలేవు.

మన పిండి సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. రాతి మరలో ఒత్తిడికి, వేడికి గోధుమలోని పిండిపదార్థపు రేణువులు చాలా మటుకు చితికిపోతాయి. చితికిన రేణువులు నీళ్లు ఎక్కువ తాగుతాయి. చపాతీ మెత్తగా రావడానికి అదే కారణం. అమెరికాలో వాడే హోల్ వీట్ పిండి వేరే రకం గోధుమది, మరాడించే తీరూ వేరు. అందుకే అక్కడి వంటకాల్లో రాసిన నీళ్లు మన పిండికి తరచూ సరిపోవు. అక్కడ ఉంటూ ఆ పిండితో చేసేవాళ్లు మాత్రం నా కొలతలో 20, 30 మి.లీ. తగ్గించి మొదలుపెట్టండి.

రెండో కారణం పొట్టు. పొడిగా ఉన్న పొట్టు ముక్కలు గ్లూటెన్ పోగులను, అంటే బుడగలను పట్టి ఉంచే సాగే జిగురును, కోసేస్తాయి. కాబట్టి ముందు పిండి, నీళ్లు మాత్రమే కలిపి 40 నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. పొట్టు నానుతుంది, సాగుడు దానంతట అదే వస్తుంది. ఆ తర్వాత ఈస్ట్, ఉప్పు, బెల్లం, నూనె వేసి పది నిమిషాలు పిసకండి. ముద్ద మొదట చేతికి అంటుకుంటుంది. అప్పుడు పొడిపిండి చల్లకండి. అలా చల్లిన గుప్పెడు పిండే బ్రెడ్‌ను గట్టిగా చేసేది. చేతికి నూనె రాసుకుని పిసకండి, లేదా ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పట్టుకోండి. ఇన్ని చేసినా ఎత్తు రాకపోతే గ్లూటెన్ పొడి ఒక పెద్ద చెంచా కలపవచ్చు. కానీ నీళ్లు సరిచేయకుండా దాని జోలికి వెళ్లవద్దనే నా సలహా.

పిండి అసలు పొంగలేదు

ఈస్ట్ చచ్చిపోయింది. పాతదై ఉంటుంది, లేదా నీళ్లు మరీ వేడిగా పోసి ఉంటారు. 60 డిగ్రీల వేడికి ఈస్ట్ బతకదు. అరకప్పు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదార, అర చెంచా ఈస్ట్ వేసి చూడండి. పది నిమిషాల్లో నురుగు రాకపోతే పారేసి కొత్తది తెచ్చుకోండి. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది.

బాగా పొంగింది, ఓవెన్‌లో పెట్టగానే కుంగిపోయింది

మన ఎండాకాలంలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య ఇదే. వంటకాల్లో రాసే "ఒక గంట పొంగనివ్వండి" అనే మాట 24, 25 డిగ్రీలున్న వంటింటిని ఉద్దేశించింది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం వంటింట్లో 38 డిగ్రీలు ఉన్నప్పుడు నేను గడియారాన్నే నమ్మి గంట ఆగాను. టిన్నులో గోపురంలా లేచిన పిండి, ఓవెన్‌లో పెట్టిన ఐదు నిమిషాలకు మధ్యలో గుంటపడింది. కోస్తే పుల్లటి వాసన. అంత వేడిలో ఆ పొంగుకు 30, 35 నిమిషాలు చాలు.

ఎండల్లో ఫ్రిజ్ నీళ్లతో పిండి కలపండి, ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించండి, వీలైతే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. పిసికాక గిన్నెలో వచ్చే మొదటి పొంగు రెండింతలు కానక్కర్లేదు, ఒకటిన్నర రెట్లు చాలు. పొట్టు ఉన్న పిండి అంతకంటే ఎక్కువ మోయలేదు. పిండిని చుట్టి టిన్నులో పెట్టాక, రెండో పొంగులో తడి వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట నెమ్మదిగా, సగం వరకు పైకొస్తే సమయమైనట్టు. వెంటనే పూర్తిగా పైకొస్తే ఇంకాస్త ఆగాలి. అసలు రాకపోతే దాటిపోయింది. అప్పుడు కూడా భయం లేదు, పిండిని టిన్నులోంచి తీసి, గాలి వెళ్లేలా ఒత్తి, మళ్లీ చుట్టి పెట్టండి. ఒక్కసారికి మాత్రం ఈ ఉపాయం పనిచేస్తుంది.

చలికాలంలో దీనికి ఉల్టా. ఆపేసి ఉన్న ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) గిన్నెడు వేడినీళ్ల పక్కన పిండిని పెట్టండి.

పైన ఎర్రగా కాలింది, లోపల బంకబంకగా ఉంది

ముందు ఒక ప్రశ్న: వేడివేడిగా కోశారా? అలా కోస్తే బాగా కాలిన బ్రెడ్ కూడా బంకగానే కనిపిస్తుంది. కనీసం రెండు గంటలు జాలీ మీద చల్లారనివ్వండి. ఇంట్లో పిల్లలు చుట్టూ తిరుగుతుంటే ఆగడం కష్టమే, కానీ ఆగాలి.

చల్లారాకా అలాగే ఉంటే సరిగా కాలలేదు. చిన్న ఓటీజీల్లో పై రాడ్ బ్రెడ్‌కు మరీ దగ్గరగా ఉంటుంది. టిన్నును కింది అరలో పెట్టండి, 20 నిమిషాల తర్వాత పైన అల్యూమినియం ఫాయిల్ కప్పండి. 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముందే వేడిచేసి, 190 దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. మీట మీద అంకెలను పూర్తిగా నమ్మలేం. బ్రెడ్ మధ్యలో గుచ్చే థర్మామీటర్ 93 నుంచి 96 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టే. చివరి ఐదు నిమిషాలు టిన్నులోంచి తీసి ఉత్తగా కాలిస్తే అడుగు, పక్కలు కూడా గట్టిపడతాయి. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లోనే చేయాలి.

పక్కన చీలుతోంది

పిండి తక్కువగా పొంగింది, లేదా పైభాగం ఆరిపోయి పొక్కు కట్టింది. తడిబట్ట కప్పండి, చుట్టిన అతుకును టిన్ను అడుగుకు పెట్టండి.

చేదుగా ఉంది

పిండి పాతది. పొట్టులో, మొలక భాగంలో నూనె ఉంటుంది, వేడికి అది కారెక్కి చేదవుతుంది. ఎండాకాలంలో మర పట్టించుకునేవాళ్లు రెండు కిలోలకు మించి పట్టించవద్దు.

రెండో రోజుకు పండిన అనాసపండు వాసన, తుంచితే సన్నని దారాలు

బూజు కనబడదు కాబట్టి చాలామంది తినేస్తారు. తినకండి. పిండిలో ఉండే కొన్ని బ్యాక్టీరియా బీజాలు కాల్చినా చావవు, వేడి, చెమ్మ దొరికితే లోపల పెరిగి బ్రెడ్‌ను జిగురుగా మారుస్తాయి. కోస్తాలో జూన్ ఉక్కకు ఇది వస్తుంది. ఆ బ్రెడ్ పారేసి, టిన్ను, పలక, కత్తి సబ్బుతో కడిగి వెనిగర్‌తో తుడవండి. తర్వాతిసారి పిండిలో ఒక చెంచా వెనిగర్ కలపండి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెట్టకండి. ఒక రోజులో తినలేనంత ఉంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రిజ్ కింది అరలో పెడితే బ్రెడ్ త్వరగా గట్టిపడుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కను కరగనివ్వకుండా నేరుగా పెనం మీద, చిన్న మంటపై రెండు వైపులా కాల్చుకోవచ్చు.