వానల్లో చెరువు గట్టుకు వెళ్లేముందు: చేప ముక్క ఎరతో గాలం వేసేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు మూడో వారం దాటాక ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. తిరుపతి చుట్టుపక్కల చెరువులు నింపేది ఈ వానలే. వేసవంతా నెర్రెలిచ్చి ఉన్న చెరువు నిండుతుంది, మొరవ (అలుగు) పారుతుంది, అటక మీది గాలపు కర్రలు కిందికి దిగుతాయి. ఈ మధ్య కట్ట మీద కొత్త కుర్రాళ్లు ఎక్కువగా కనబడుతున్నారు. ఆన్‌లైన్‌లో రాడ్డు, రీలు తెప్పించుకుని, ఫోన్లో సాల్మన్ వేట వీడియోలు చూసి చేపను కోసి ఎరగా గుచ్చడం నేర్చుకుంటున్నారు. నేర్చుకోవడం మంచిదే. కానీ కత్తి, చేప, గాలాలు అన్నీ ఒకే సంచిలో వేసుకొచ్చి, తడిసిన కట్ట అంచున కూర్చుని అక్కడే కోయడం, అక్కడే ముడులు వేయడం చూస్తే నాకు భయమేస్తుంది. తల వంచుకుని ముడి వేస్తున్న మనిషికి నీళ్లు ఎంత పెరిగాయో తెలియదు, మబ్బు ఎటు కమ్ముకొస్తోందో తెలియదు, కాలి పక్కన ఏం పాకుతోందో తెలియదు.

అందుకే ఈ సీజన్‌కు ముందే గట్టిగా చెబుతున్నాను. ఎర పని మొత్తం ముందురోజు రాత్రి ఇంట్లో, లైటు వెలుగులో అయిపోవాలి. గట్టు మీద డబ్బా తెరిచి ముక్క గుచ్చడం, వేయడం, అంతే. మిగతా సమయమంతా కన్ను నీళ్ల మీద ఉండాలి.

ముందు ఆ వీడియోల సంగతి. అమెరికా, కెనడా పడమటి తీరంలో సాల్మన్‌కు హెర్రింగ్ అనే చిన్న చేపను ఎరగా వాడతారు. తలను ఏటవాలుగా కోసి తీసేసి, కడుపు శుభ్రం చేసి, మిగిలిన మొండేనికి ఒకదాని వెనక ఒకటి రెండు గాలాలు గుచ్చుతారు. పడవ మెల్లగా పోతుంటే ఆ ఏటవాలు కోత వల్ల ఎర నీళ్లలో గిరగిరా తిరుగుతుంది. దెబ్బతిన్న చేప అనుకుని సాల్మన్ వచ్చి పట్టుకుంటుంది. మన చెరువులో పడవ కదలదు, నీళ్లూ కదలవు. ఇక్కడ వాలుగ, జెల్ల అడుగున వాసన పట్టుకుని వస్తాయి. కొర్రమీను నాచు పక్కన కాచుకుని ఉంటుంది. వీటికి తిరిగే ఎర అక్కర్లేదు, రెండు గాలాలు అసలే అక్కర్లేదు. ఒక గాలం చేప నోట్లో ఉంటే రెండోది బయట వేలాడుతూ ఉంటుంది. చేపను పట్టుకోబోయినప్పుడు అది ఒక్క విదిలింపు విదిలించిందంటే ఆ రెండో గాలం మీ అరచేతిలో దిగుతుంది.

వాళ్ల దగ్గర తీసుకోవాల్సినవి రెండున్నాయి. ఎరను ముందే ఉప్పులో వేసి గట్టిపరచడం ఒకటి. గాలం కొన వెనక ఉండే ముల్లును నొక్కేయడం రెండోది. వాషింగ్టన్ రాష్ట్రపు సముద్ర జలాల్లో సాల్మన్‌కు ముల్లు లేని గాలాలే వాడాలని నిబంధన కూడా ఉంది. మనకు అలాంటి నిబంధన లేకపోయినా పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కితే చాలు. దారం వదులు కాకుండా చూసుకుంటే చేప తప్పించుకోదు, వేలికి గుచ్చుకుంటే మాత్రం గాలం సులువుగా బయటికి వస్తుంది.

ఇక కోత. ఎరకు కానాగంతలు, కవళ్లు బాగుంటాయి. నూనె ఎక్కువ కాబట్టి వాసన నీళ్లలో దూరం పోతుంది. చెరువులో దొరికే జిలేబి చేప కూడా పనికొస్తుంది, దాని తోలు గట్టిది, ముక్క గాలం మీద నిలుస్తుంది. చేపను పూర్తిగా మెత్తబడనివ్వకండి. ఫ్రీజర్లోంచి తీసి, సగం గడ్డ కరిగినప్పుడు కోస్తే కత్తి నేరుగా దిగుతుంది, చేప జారదు. కత్తిపీట మీద కోసే అలవాటున్న ఇళ్లలో పెద్దవాళ్ల చేత కోయించండి, అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు. కత్తితో కోసేటప్పుడు చెక్క కింద తడి గుడ్డ పరిస్తే చెక్క కదలదు. చేపను పట్టుకునే చేతికి పాత నూలు గ్లవ్ వేసుకోండి. మొద్దు కత్తితోనే ఎక్కువమంది వేళ్లు తెగుతాయి, బలం పెట్టాల్సి వస్తుంది కాబట్టి. సానపట్టిన కత్తి వాడండి.

వెన్నుముల్లు పక్కన తోక నుంచి తల వైపు కోసి పలక తీయండి. దాన్ని వేలంత పొడవు, రెండు వేళ్ల వెడల్పు ముక్కలు చేయండి. ప్రతి ముక్కకూ ఒక వైపు తోలు ఉండి తీరాలి, తోలు లేని ముక్క మొదటి విసురుకే ఊడిపోతుంది. డబ్బా అడుగున కల్లుప్పు పరిచి, ముక్కలు తోలు పైకి ఉండేలా పేర్చి, పైన మళ్లీ ఉప్పు చల్లి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి నీరు ఊరి ముక్క బిగుసుకుంటుంది. ఆ నీరు వంచేసి పొడి ఉప్పు కొంచెం చల్లి తీసుకెళ్లండి. ఈ డబ్బా, ఈ కత్తి, ఈ చెక్క వంటకు వాడొద్దు. డబ్బా మీద ఎర అని రాసి పెట్టండి, ఇంట్లో పిల్లలుంటే ఇంకా ముఖ్యం.

కొంతమంది చేపను రెండు రోజులు ఎండలో పెట్టి కుళ్లబెడతారు, వాసనకు వాలుగ ఎగబడి వస్తుందని. ఆ పని చేయకండి. కుళ్లిన ముక్క గాలం మీద నిలవదు. అంతకంటే పెద్ద సంగతి, చేతిమీద ఎక్కడైనా గీత ఉంటే ఆ కుళ్లు నేరుగా అందులోకి పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న గీత చాలు, చెయ్యి వాచిపోవడానికి.

గాలం సైజు విషయంలో ఆశపడొద్దు. మామూలు జెల్లకు, కొర్రమీనుకు 1 లేదా 1/0 సరిపోతుంది. వాలుగకు అంతకంటే పెద్దవి, 3/0 నుంచి 5/0. సర్కిల్ గాలం (కొన లోపలికి వంగి ఉండేది) దొరికితే అదే కొనండి. అది చాలాసార్లు చేప నోటి మూలన పట్టుకుంటుంది కాబట్టి గొంతులో చేతులు పెట్టి తీసే పని తగ్గుతుంది. చేప లాగినప్పుడు రాడ్డును గుంజకుండా మెల్లగా రీలు తిప్పాలి, సర్కిల్ గాలానికి గుంజడం పనికిరాదు. ముక్కను పైకొసన ఒక్కసారే గుచ్చండి, మాంసం వైపు నుంచి తోలులోంచి బయటికి. గాలం కొన పూర్తిగా బయటికి కనబడాలి. ముక్కను ఉండలా చుట్టి కొనను కప్పేస్తే చేప ముక్క తిని పోతుంది, లేదా గొంతు దాకా మింగుతుంది. కవళ్ల ముక్క మెత్తగా ఉంటే కుట్టు దారంతో రెండు చుట్లు చుట్టండి. అడుగున వేసేటప్పుడు సీసం గుండు లైను మీద జారేలా ఉండాలి, దాని కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు లింకు), స్వివెల్ నుంచి మూరెడు దారం, చివర గాలం. వాలుగ పళ్లు దారాన్ని అరగదీస్తాయి, ఆ మూరెడు లావు దారం వేయండి.

ఇలా కట్టిన దారాలు నాలుగైదు ముందే సిద్ధం చేసి, పాత హవాయి చెప్పు ముక్కకు చుట్టి, గాలం కొనలు రబ్బరులో గుచ్చి పెట్టండి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు లెక్కపెట్టండి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. జేబులో విడి గాలం వద్దే వద్దు. దారాన్ని చేతికి, కాలికి, మొలతాడుకు చుట్టుకోవద్దు. పెద్ద వాలుగ ఒక్క ఊపు ఊపితే సన్నటి అల్లిక దారం వేలిని ఎముక దాకా కోస్తుంది, కాలికి కట్టుకుని కునుకు తీసే మనిషిని నీళ్లలోకి లాగుతుంది.

ఎర సంగతి అయింది. ఇప్పుడు చెరువు.

వానాకాలంలో అందరూ మొరవ దగ్గర గుమిగూడతారు. పారే నీళ్లకు ఎదురెక్కే చేపలు అక్కడ దొరుకుతాయి, నిజమే. ప్రాణాలు పోయే చోటు కూడా అదే. మొరవ రాళ్ల మీద పాచి ఉంటుంది, పారే నీళ్లు మోకాలి దాకా కూడా ఉండవు, చూస్తే ఏం భయం అనిపిస్తుంది. మోకాలు దాటని నీళ్లే వేగంగా పోతుంటే పెద్దమనిషిని పడగొడతాయి. పడినవాడు కింద గుంటలో సుడిలో చిక్కుకుంటాడు. మొరవ మీద నిలబడొద్దు, దాటొద్దు, దానికి ఆనుకుని ఉన్న గోడ మీదా కూర్చోవద్దు. ఎంత చేప వస్తోందని ఎవరు పిలిచినా పోవద్దు.

రెండో సంగతి, మన చెరువులు చాలావరకు గొలుసుకట్టు. పై చెరువు మొరవ పారితే కింది చెరువుకు నీళ్లు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కురిసిన వాన రాత్రికో పొద్దునకో వచ్చి పడుతుంది. పై చెరువు కట్ట తెగితే కింద ఉన్నవాళ్లకు పరుగెత్తే టైం కూడా ఉండదు. 2021 నవంబరు గుర్తు చేసుకోండి. స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించారు. అంత పెద్ద కట్టకే ఆ పరిస్థితి వచ్చింది. కట్ట వెనక వైపు నీరు ఊరడం మామూలే, తేటగా ఉన్నంతవరకు. ఆ ఊట బురదగా మారిందంటే కట్టలోని మట్టి కొట్టుకుపోతోందని అర్థం. కట్ట మీద పగులు, జారిన మట్టి, తూము పక్కన సుడి, వీటిలో ఏది కనబడినా రాడ్డు వదిలేసి ముందు కట్ట దిగండి. గ్రామ సచివాలయానికి గానీ 112కు గానీ చెప్పండి. ఆ ఫోన్ చేయడానికి ఆలోచించొద్దు.

మూడోది గుంటలు. వేసవిలో జేసీబీలతో చెరువు మట్టి తీసుకెళ్తారు. నీళ్లు నిండాక ఆ గుంటలు కనబడవు. తొడల దాకా నీళ్లలో నడుస్తున్న మనిషి ఒక్క అడుగులో మునిగిపోతాడు. స్వర్ణముఖి ఇసుక గుంటలదీ ఇదే కథ. చిక్కుకున్న గాలం విడిపించడానికి నీళ్లలో దిగొద్దు, దారం తెంపేయండి. గాలం ధర ఎంత? ప్రతి జట్టుకూ ఒక పొడవాటి తాడు, ఒక ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉండాలి. క్యాన్ మూత గట్టిగా బిగించి, మెడకు తాడు కట్టి ఉంచండి. ఎవరైనా పడితే దాన్ని విసరండి. ఈత వచ్చని వెంట దూకితే ఇద్దరూ పోతారు.

కరెంటు సంగతి మనవాళ్లు బాగా తేలిగ్గా తీసుకుంటున్నారు. కట్టల మీదుగా పొలాల మోటార్లకు 11 కేవీ లైన్లు పోతుంటాయి. కొత్త రాడ్లు చాలావరకు కార్బన్‌వి, కరెంటు వాటిలోంచి పారుతుంది. విసిరేముందు తలెత్తి చూడండి, తీగల కింద అసలు నిలబడొద్దు. అడవి పందులకని పొలాల గట్ల మీద కొందరు దొంగచాటుగా తీగలకు కరెంటు పెడతారు. కాబట్టి తెల్లవారకముందు అడ్డదారిన పొలాల్లోంచి పోవద్దు, బండి దారినే పోండి. ఉరుముల విషయంలో లెక్క సులువు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 అంకెలు లెక్కపెట్టేలోపే ఉరుము వినబడితే వెళ్లిపోవాలి. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా తిరిగి రావద్దు. చింతచెట్టు కింద కాదు, పక్కా ఇంట్లోనో కారులోనో ఉండండి. దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులుంటే చెబుతుంది.

చేప వాసనకు పాములు వస్తాయి. ఎక్కువగా నీరుకట్టె, దానికి విషం లేదు. కానీ వానకు కలుగుల్లో నీళ్లు నిండితే నాగుపాము, రక్తపింజరి కూడా కట్ట మీదకు చేరతాయి. ఎర డబ్బాను, పట్టిన చేపలను కాళ్ల పక్కన పెట్టుకోవద్దు. ఏ పాము కాటు వేసినా కోయడాలు, పిండడాలు, తాడు బిగించడాలు వద్దు. మనిషిని నడిపించకుండా 108లో తీసుకెళ్లండి, తిరుపతి దగ్గరైతే రుయా ఆసుపత్రికి. నాటు మందు కోసం ఆగొద్దు. పలమనేరు, కుప్పం వైపు చెరువులకు పోయేవాళ్లు సాయంత్రం పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు నీళ్లకు దిగే వేళ అది. చంద్రగిరి వైపు కూడా ఇప్పుడు ఆ భయం ఉంది.

ఎక్కడ వేయొచ్చో ముందే కనుక్కోండి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘానికో లీజుదారుకో ఉంటుంది, అడిగితే ఒక గాలానికి కాదనేవాళ్లు తక్కువ. వాళ్లకే ఏ మూల గుంట ఉందో కూడా తెలుసు. అభయారణ్యం లోపలి నీళ్లు, తాగునీటి జలాశయాలు, వాటి జోలికి పోవద్దు. ఎర కోసం ఒక చెరువు చేపను బతికుండగా ఇంకో చెరువుకు మోసుకెళ్లొద్దు. కోసిన ముక్కతో వేటాడటంలో ఉన్న మేళ్లలో ఇదీ ఒకటి, జిలేబిలాంటివి కొత్త చెరువుల్లోకి పాకవు.

ఇన్ని చేసినా గాలం గుచ్చుకోవచ్చు. ముల్లు నొక్కేసిన గాలమైతే వచ్చిన దారిన వెనక్కి తీయండి, సబ్బుతో బాగా కడగండి. ముల్లున్న గాలం లోతుగా దిగితే లాగొద్దు. దారం కత్తిరించి, గాలం కదలకుండా ప్లాస్టర్ వేసి ఆసుపత్రికి వెళ్లండి. కంటి దగ్గర గుచ్చుకుంటే నొక్కొద్దు, తాకొద్దు, పైన కాగితం కప్పు బోర్లించి కట్టి వెంటనే బయల్దేరండి. కళ్లజోడు పెట్టుకుంటే ఈ చివరిది చాలావరకు తప్పుతుంది, వెనక నిలబడ్డ పిల్లలకు కూడా పెట్టండి. ఏ గాయమైనా టీటీ ఇంజెక్షన్ విషయం డాక్టరును అడగండి. మర్నాడు వాపు, ఎరుపు, జ్వరం వస్తే ఆ నీళ్లలో, ఆ చేపతో తెగిన గాయమని డాక్టరుకు చెప్పండి, మందు మారుతుంది. గాయం లేకపోయినా చెరువు నీళ్లలో నానిన వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఎలుక జ్వరం కావచ్చు. డాక్టరు దగ్గరికి పోవడానికి ఆలస్యం మాత్రం చేయొద్దు.

తిరిగి వచ్చేముందు మిగిలిన ముక్కలు కట్ట మీద పారేయొద్దు, కుక్కలూ పాములూ చేరతాయి. తెగిన నైలాన్ దారం ముక్క ముక్కా ఏరి సంచిలో వేసుకోండి. అది కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది, గడ్డితో పాటు ఆవు కడుపులోకి పోతుంది. ఇంటికొచ్చాక చెప్పు ముక్క మీది గాలాలు లెక్కపెట్టి, ఒకటి తక్కువైతే సంచి తడమకుండా బయట బోర్లించి వెతకండి.