ఉడికించిన కోడిగుడ్లతో వచ్చే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

గుడ్లు ఉడికించేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం రెండు అలవాట్ల వల్లనే వస్తాయి. ఒకటి, గుడ్లను చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టడం. రెండవది, ఉడికిన తరువాత వాటిని ఆ వేడినీళ్లలోనే వదిలేయడం.

సమస్య: పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడివస్తోంది

అన్నిటికంటే విసుగు పుట్టించేది ఇదే. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెంకులోని సన్నని రంధ్రాల గుండా బయటికి పోయి, తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, మొదట 7.6 దగ్గర ఉన్న పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటుతుంది. ఆ మార్పు రాకముందే ఉడికిస్తే తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. చన్నీళ్లలో మొదలుపెట్టి నెమ్మదిగా వేడి చేసినా ఇదే జరుగుతుంది.

అందువల్ల ఉడికించడానికి వారం రోజులు ఫ్రిజ్‌లో ఉన్న గుడ్లను ఎంచుకోవాలి. ఆ రోజే పెట్టిన నాటుకోడి గుడ్లు దొరికితే వాటిని పొరటుకో అట్టుకో వాడుకోవడం మేలు. నీళ్లు తెర్లిన తరువాతే గుడ్లను గరిటెతో ఒక్కొక్కటిగా దించి, మంట తగ్గించి, పదకొండు, పన్నెండు నిమిషాలు ఉడికించి, వెంటనే ఐసు వేసిన నీళ్లలోకి మార్చాలి. చల్లారాక పెంకును అంతటా మెల్లగా చిట్లగొట్టి, లోపల గాలి నిండిన ఖాళీ ఉండే వెడల్పాటి చివర నుంచి, నీళ్లలో ఉంచి ఒలిస్తే పొర, పెంకు కలిసి వస్తాయి. నీళ్లలో వంటసోడా వేసే పద్ధతి కూడా ఉంది కాని, దానివల్ల రుచి మారవచ్చు గనుక నేను దాన్ని సూచించను.

సమస్య: పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం ఏర్పడుతోంది

గుడ్డు పాడైందని దీన్ని చూసి పారవేయనవసరం లేదు. ఎక్కువసేపు వేడి తగిలినప్పుడు తెల్లసొనలోని గంధకం నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగును ఇస్తుంది. హాని లేదు, వాసన మాత్రం కొంత ఘాటుగా ఉంటుంది. సమయం లెక్కపెట్టుకుని దించి, వెంటనే చల్లార్చితే ఆ వలయం సాధారణంగా ఏర్పడదు.

సమస్య: ఉడుకుతుండగానే పెంకు పగిలిపోతోంది

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గుడ్డును నేరుగా మరిగే నీళ్లలో వేయడం, లోపలి గాలి వ్యాకోచించడం, గుడ్లు ఒకదానికొకటి తగలడం ఇందుకు కారణాలు. ముందుగా కొద్దిసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వెడల్పాటి గిన్నెలో ఒకే వరుసగా పరిచి, నీళ్లు కుతకుతలాడకుండా సన్నని మంట మీద ఉడికించాలి. ఉప్పు పగుళ్లను ఆపదు. కారే తెల్లసొన త్వరగా గట్టిపడడానికి మాత్రం కొంత తోడ్పడుతుంది.

సమస్య: తెల్లసొన రబ్బరులా సాగుతోంది, లేదా పచ్చసొన జారుగా ఉంటోంది

మొదటిది ఎక్కువ ఉడికినందుకు, రెండవది తక్కువ ఉడికినందుకు. మంట పెంచినంత మాత్రాన ఉడుకు త్వరపడదు, ఎందుకంటే మూత లేని గిన్నెలో నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు. ఏడు నిమిషాలకు పచ్చసొన మెత్తగా, తొమ్మిది నిమిషాలకు ఒక మోస్తరుగా, పన్నెండు నిమిషాలకు పూర్తిగా గట్టిపడుతుంది. చిన్న నాటుగుడ్లకు ఒకటి రెండు నిమిషాలు తగ్గించుకోవాలి.

సమస్య: పులుసుకోసం నూనెలో వేయిస్తే గుడ్డు పేలి నూనె చిందుతోంది

లోపలి తేమ ఆవిరిగా మారి, బయటికి దారి దొరకక పైపొరను చీల్చుకు వస్తుంది. గుడ్లను తడి లేకుండా తుడిచి, చాకుతో నిలువుగా మూడు నాలుగు గాట్లు పెట్టి, తక్కువ మంట మీద వేయించాలి. ఆ గాట్లలోంచి పులుసు లోపలికి దిగుతుంది కూడా. ఇదే కారణం చేత ఉడికిన గుడ్డును మైక్రోవేవ్‌లో కోయకుండా అలాగే పెట్టి వేడి చేయకూడదు. సగానికి కోసి పెట్టాలి.