మొటిమలకు పైపూతగా రాసే రెటినాయిడ్ మందులు: వాడవలసిన తీరు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో అడపాలీన్ జెల్, ట్రెటినాయిన్ క్రీము అన్న పేర్లు ఇప్పుడు కొత్తవి కావు. చర్మవైద్యులు చీటీ రాస్తారు, మందుల దుకాణంలో ట్యూబు దొరుకుతుంది. కానీ రోగులు బారులు తీరిన ఓపీలో ఆ ట్యూబును ఏ రాత్రి ఎంత రాయాలో, రాసిన తరువాత ముఖం ఎలా మారుతుందో విడమరచి చెప్పే తీరిక వైద్యులకు ఉండదు. అందువల్ల చాలామంది రెండు మూడు వారాల్లోనే ముఖం మండి, పొట్టు లేచి, మొటిమలు ఇంకా ఎక్కువయ్యాయని భయపడి, ఈ మందు తమకు పడలేదని మానేస్తారు. నిజానికి ఈ మందు ఎవరికైనా అసలే పడకపోవడం అరుదు. మోతాదు మించి రాయడం, మొదటి రోజు నుంచే ప్రతి రాత్రీ రాయడం, కనిపించిన మొటిమ మీద మాత్రమే రాయడం, ఫలితం మొదలయ్యే వేళకు ఆపేయడం అన్న నాలుగు పొరపాట్లే ఎక్కువ మందిని వెనక్కి లాగుతాయి.

మందు ఏం చేస్తుందో ముందు తెలుసుకుంటే వాడే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. మొటిమ చర్మం పైన కనబడడానికి కొన్ని వారాల ముందే లోపల మొదలవుతుంది. రోమకూపం గోడల నుంచి రాలవలసిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అతుక్కుని, జిడ్డుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. ఆ మూసుకున్న చోట బ్యాక్టీరియా పెరిగి, వాపు వచ్చి, ఎర్రని పొక్కు గానీ చీముపొక్కు గానీ తయారవుతుంది. విటమిన్ ఏ కుటుంబానికి చెందిన రెటినాయిడ్లు ఆ మృతకణాలు అతుక్కోకుండా సక్రమంగా రాలేటట్లు చేస్తాయి, వాపును కూడా కొంత తగ్గిస్తాయి. అంటే ఈ మందు ముఖ్యంగా పనిచేసేది రేపటి మొటిమ మీద. అందుకే దానిని మొటిమ లేచిన చోటే కాక, మొటిమలు వచ్చే ప్రాంతం అంతటా, అంటే నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మొత్తానికి పలుచగా రాయాలి.

మన దుకాణాలలో ఎక్కువగా దొరికేవి రెండు. అడపాలీన్ 0.1 శాతం జెల్ తక్కువ మంట పెడుతుంది, వెలుతురుకు చెడిపోదు, కొత్తగా మొదలుపెట్టేవారికి అనువైనది. ట్రెటినాయిన్ 0.025 శాతం, 0.05 శాతం, 0.1 శాతం బలాలలో వస్తుంది. మొటిమలకు అమెరికాలో 1971లోనే అనుమతి పొందిన పాత మందు ఇది. అడపాలీన్‌కు అక్కడ 1996లో అనుమతి వచ్చింది, 2016 నుంచి 0.1 శాతం జెల్‌ను అక్కడ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన దేశంలో మాత్రం వీటిని వైద్యుల చీటీ మీదే కొనాలి. టాజరోటీన్ అన్న మరో రెటినాయిడ్ వీటికన్నా ఎక్కువ మంట పెడుతుంది కనుక దానిని సొంతంగా ఎంచుకోకూడదు.

ట్యూబు మూత తీసే ముందు చేయవలసిన పని ఒకటుంది. దీనిని నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. డబ్బా మీద సన్నని అక్షరాలలో ఉన్న మందుల పేర్లను ఫోను కెమెరాతో పెద్దవి చేసి చదవండి. ట్రెటినాయిన్ అన్న పేరు పక్కన హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అన్న పేర్లు కూడా కనిపిస్తే అది మొటిమల మందు కాదు. మంగు మచ్చల కోసం వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు మాత్రమే వాడవలసిన మిశ్రమం అది. మన ఊళ్లలో ఇలాంటి క్రీములు తెల్లబడే క్రీములన్న పేరుతో చేతులు మారుతున్నాయి, ఒక ఇంట్లో అక్క వాడిన ట్యూబును చెల్లెలు, ఆమె చూసి పక్కింటి అమ్మాయి వాడుతున్నారు. మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ ఇవన్నీ స్టెరాయిడ్లు. రాసిన వారం రోజులు ముఖం తేటగా కనిపిస్తుంది, ఎరుపు తగ్గుతుంది, అందరూ ఏం రాస్తున్నావని అడుగుతారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడి, సన్నని ఎర్ర నరాలు బయటపడి, అవాంఛిత రోమాలు పెరిగి, మొదట ఉన్నవాటికన్నా మొండి మొటిమలు లేస్తాయి. ఆపితే భరించలేని మంట, మళ్లీ రాస్తే తాత్కాలిక ఉపశమనం, ఇలా మనిషి ఆ ట్యూబుకు బందీ అవుతాడు. చర్మానికి రాసే స్టెరాయిడ్ మందులు పలు రకాలను 2018లో కేంద్ర ప్రభుత్వం చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. దుకాణదారు అడగకుండా ఇచ్చినా మీరు తీసుకోకండి. ఇప్పటికే నెలల తరబడి వాడినవారు దానిని ఆపి వెంటనే రెటినాయిడ్ మొదలుపెట్టకుండా, ముందు చర్మవైద్యులకు చూపించాలి. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ, విశాఖపట్నం కేజీహెచ్‌లోనూ చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి.

ఇక రాసే పద్ధతి. రాత్రి పడుకునే ముందు నురగ తక్కువగా వచ్చే, గరుకు పలుకులు లేని సబ్బుతో గానీ ఫేస్‌వాష్‌తో గానీ ముఖం కడుక్కుని, మెత్తని తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరనివ్వండి. ట్రెటినాయిన్ వాడేవారు కడిగిన తరువాత ఇరవై నిమిషాల నుంచి అరగంట ఆగడం మంచిది, ఎందుకంటే తడి చర్మం మీద మంట పెరుగుతుంది. తరువాత చూపుడు వేలి కొన మీద బఠాణీ గింజంత మందు తీసుకోండి. మొత్తం ముఖానికి అంతే. నుదుటి మీద రెండు చుక్కలు, ఒక్కో బుగ్గ మీద ఒక చుక్క, ముక్కు మీద ఒకటి, గడ్డం మీద ఒకటి పెట్టి, అక్కడి నుంచి పక్కలకు పలుచగా పరచండి. అద్దంలో తెల్లని పూత కనబడితే ఎక్కువ తీసుకున్నారన్నమాట. కనురెప్పలు, పెదవుల మూలలు, ముక్కు పక్కల మడతలు వదిలేయండి. ఆ చోట్ల చర్మం పలుచన, మందు చేరి నిలిచిపోతుంది. ముందుగా పగిలేవి అవే. మందు పాకుతుందేమో అనిపిస్తే అక్కడ ముందే కాస్త వ్యాజ్‌లైన్ రాయండి. 15 గ్రాముల ట్యూబు ప్రతి రాత్రి రాసినా నెలన్నర నుంచి రెండు నెలలు రావాలి. పదిహేను రోజుల్లో ఖాళీ అయితే లోపం మోతాదులో ఉంది.

మందు రాసిన పది నిమిషాలకు సువాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోవాలి. చర్మం సున్నితమైనవారు ముందు మాయిశ్చరైజర్, తరువాత మందు, మళ్లీ పైన మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. మంట బాగా తగ్గుతుంది. అప్పటికీ తట్టుకోలేనివారు మందు రాసి అరగంట నుంచి గంట ఉంచి కడిగేసే పద్ధతితో మొదలుపెట్టి, చర్మం అలవాటు పడేకొద్దీ సమయం పెంచుకోవచ్చు. జిడ్డు ముఖం గలవారు మాయిశ్చరైజర్ అంటే భయపడతారు. జెల్ రూపంలో, రంధ్రాలను మూసివేయదని రాసి ఉన్న రకం తీసుకుంటే ఆ భయం అక్కర్లేదు.

ఎన్ని రాత్రులు రాయాలన్నది ఇంకో విషయం. మొదటి రెండు వారాలు మూడు రాత్రులకు ఒకసారి, తరువాతి రెండు వారాలు రాత్రి మార్చి రాత్రి, ఆ పైన తట్టుకోగలిగితే ప్రతి రాత్రి. మన నల్లని, చామనఛాయ చర్మాలకు ఈ నెమ్మది తప్పనిసరి. మంట, పొట్టు హద్దు మీరితే ఆ వాపే కొత్త నల్లమచ్చలను మిగులుస్తుంది, మొటిమ పోయినా మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. కోరాపుట్, జయపురం వైపు ఎత్తు ప్రాంతాల వారికి చలికాలంలో చర్మం అసలే ఎండిపోతుంది కాబట్టి, మార్గశిర పుష్యాల్లో మొదలుపెట్టేవారు ఈ క్రమాన్ని ఇంకా సాగదీసుకోవడం మేలు. గంజాం తీరంలో ఉక్కపోత వాతావరణానికి క్రీము కన్నా జెల్ ఎక్కువ సుఖంగా ఉంటుంది.

రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య కొందరికి మొటిమలు ఎక్కువైనట్టు కనిపిస్తాయి. లోపల అప్పటికే తయారై ఉన్నవి త్వరగా పైకి రావడమే దీనికి కారణం. తేలికపాటి ఎరుపు, పొడిబారడం, సన్నని పొట్టు మామూలే. రెండు మూడు రాత్రులు ఆపి, తగ్గాక మళ్లీ తక్కువ రాత్రులతో మొదలుపెట్టండి. అయితే ముఖం ఉబ్బడం, నీటిపొక్కులు లేవడం, చర్మం చిట్లి రసి కారడం మామూలు కాదు. అప్పుడు మందు పూర్తిగా ఆపి వైద్యుల దగ్గరకు వెళ్లాలి. కనిపించే మార్పు ఎనిమిదో వారం తరువాత మొదలవుతుంది, మందు పని చేసిందో లేదో తేల్చడానికి పన్నెండు వారాలు కావాలి. రోజూ అద్దంలో చూసుకునే మనిషికి మార్పు తెలియదు కనుక నెలకోసారి, పొద్దున ఒకే కిటికీ దగ్గర, ఫిల్టరు లేకుండా ఫొటో తీసి దాచుకోండి. విశాఖకో బరంపురానికో మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ ఫొటోలు, వాడిన ట్యూబు, పాత చీటీ వెంట తీసుకువెళితే వైద్యులకు సగం పని తగ్గుతుంది.

పగటి జాగ్రత్త రాత్రి మందుకు సమానమైనది. రెటినాయిడ్ వాడే చర్మం ఎండకు తేలికగా కందుతుంది. ఉదయం ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్‌ను రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికి, మెడకు రాయాలి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. వరి నాట్లకు, జీడితోటలకు, కాలేజీకి సైకిలు మీద వెళ్లే పిల్లలందరికీ ఇది సాగదు, ట్యూబు ధర కూడా తక్కువేమీ కాదు. అలాంటివారు గొడుగు, వెడల్పు అంచు టోపీ, ముఖానికి చుట్టుకునే నూలు గాముచా తప్పక వాడాలి.

మందు వాడుతున్నంత కాలం కొన్ని అలవాట్లను పక్కన పెట్టాలి. సున్నిపిండితో, గరుకు స్క్రబ్బులతో ముఖం రుద్దడం, నిమ్మరసం, టూత్‌పేస్టు, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్ మందుతో కలిపి వాడడం చర్మాన్ని పాడుచేస్తాయి. స్నానం తరువాత పలుచగా పసుపు రాసుకోవడం చాలామందికి హాని చేయదు గానీ, పొట్టు లేచిన చర్మం మీద అదీ చురుక్కుమంటుంది. తలకు రాసిన కొబ్బరినూనె, ఆముదం నుదుటికి కారితే అక్కడ కొత్త పొక్కులు లేస్తాయి, కాబట్టి నూనె పెట్టుకుని రాత్రంతా పడుకోవడం కన్నా తలస్నానానికి గంట ముందు పెట్టుకోవడం మంచిది. ముఖానికి వ్యాక్సింగు చేయించుకుంటే చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది. కనీసం వారం ముందు మందు ఆపాలి. పెళ్లి కుదిరిన ఇంట్లో నలుగు, ఎండ, మేకప్పు అన్నీ ఉంటాయి కనుక పెళ్లికి నాలుగు నెలల ముందే మందు మొదలుపెట్టాలి. ముహూర్తానికి నెల ముందు కొత్తగా మొదలుపెట్టడం కన్నా అసలు మొదలుపెట్టకపోవడం మేలు.

వైద్యులు మొటిమల బ్యాక్టీరియాను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా రాస్తే దానిని ఉదయం, రెటినాయిడ్‌ను రాత్రి వాడమన్నారో, రెండూ కలిసిన జెల్ రాశారో అడిగి తెలుసుకోండి. పాత రకం ట్రెటినాయిన్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్ చెడగొడుతుంది, అడపాలీన్‌ను చెడగొట్టదు. దిండు గలీబుల, రంగు చీరల మీద బెంజాయిల్ పెరాక్సైడ్ పడితే రంగు పోతుంది. క్లిండమైసిన్ వంటి యాంటీబయాటిక్ జెల్‌ను ఒక్కదానినే నెలల తరబడి వాడకూడదు. బ్యాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రెటినాయిడ్లు వాడకూడదు. టాజరోటీన్ విషయంలో ఈ నిషేధం మరింత గట్టిది. తెలియక కొన్ని రోజులు రాసినవారు కంగారు పడనక్కర్లేదు, చర్మం ద్వారా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. వెంటనే ఆపి వైద్యులకు చెబితే చాలు. పాలిచ్చే తల్లులు అడగకుండా మొదలుపెట్టకూడదు. నోటి ద్వారా వేసుకునే ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ పూర్తిగా వేరే సంగతి. అది గర్భస్థ శిశువుకు తీవ్రమైన అంగవైకల్యాలు కలిగించగలదు, రక్తపరీక్షలు, వైద్య పర్యవేక్షణ లేకుండా దుకాణంలో కొనుక్కుని వేసుకోవలసినది కాదు.

లోతుగా, గట్టిగా, నొప్పితో లేచే గడ్డలు, గుంటలు పడుతున్న మచ్చలు ఉన్నవారు పన్నెండు వారాలు ఆగకుండా చర్మవైద్యులను కలవాలి. వయసు మొటిమలు వాటంతటవే పోతాయని పెద్దలు చెప్పేది కొంతవరకు నిజమే అయినా, పడిన గుంటలు పోవు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద రోమాలు పెరుగుతూ మొటిమలు తగ్గని అమ్మాయిలకు హార్మోను పరీక్షలు అవసరం కావచ్చు. ఆ విషయాన్ని తల్లికి, వైద్యులకు సంకోచం లేకుండా చెప్పాలి.

ముఖం తేటపడిన తరువాత మందును ఒక్కసారిగా ఆపితే కొన్ని నెలల్లో మొటిమలు మళ్లీ వస్తాయి. వైద్యుల సలహా మీద వారానికి రెండు మూడు రాత్రులకు తగ్గించి కొనసాగించండి. ఊరు వెళ్లి కొన్ని వారాలు మానేసినట్లయితే పాత వేగంతో కాక, మళ్లీ మూడు రాత్రులకు ఒకసారి అన్న క్రమం నుంచి మొదలుపెట్టండి. ట్యూబును ఎండ తగలని చోట, మూత బిగించి, చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి, గడువు తేదీ దాటినదాన్ని పారేయండి.