స్టెబిలైజర్ పోసే ముందు ట్యాంక్‌లో ఏముందో చూడండి

ఈమధ్య తెలిసినాయన ఒకరి పాత కారు ఇంజిన్ విప్పాల్సి వచ్చింది. ఏడాదికి పైగా మూలన పడున్న బండి. బయటికి తీసే ముందు ట్యాంక్‌లో ఒక సీసా స్టెబిలైజర్ (నిల్వ ఉన్న పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే మందు) పోసి స్టార్ట్ చేశారు. స్టార్ట్ అయింది, బాగానే నడిచింది కూడా. మర్నాడు చల్లారిన ఇంజిన్‌ని మళ్లీ తిప్పితే టకటకమని చప్పుడు. రాకర్ కవర్ (ఇంజిన్ పైన వాల్వ్‌ల మీదుండే మూత) తీసి చూస్తే రెండు పుష్‌రాడ్లు, అంటే వాల్వ్‌లని తెరవడానికి నెట్టే కడ్డీలు, వంగిపోయి ఉన్నాయి.

బండిని నెలల తరబడి ఆపబోయేవాళ్ల కోసం, ఆపిన బండిని మళ్లీ తీయబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెట్రోల్ దగ్గర సిగరెట్ వెలిగించొద్దు లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

స్టెబిలైజర్ పాత పెట్రోల్‌కి మందు కాదు. ఈ ఒక్క విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. ట్యాంక్‌లో ఉన్న పెట్రోల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురు పడుతుంది. తేలికగా ఆవిరయ్యే భాగం ముందే ఎగిరిపోతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి కావాల్సింది ఆ భాగమే. స్టెబిలైజర్‌లో ప్రధానంగా ఉండేవి ఈ జిగురు పట్టడాన్ని ఆలస్యం చేసే రసాయనాలు. జరగబోయేదాన్ని వాయిదా వేస్తాయి, అంతే. ఎగిరిపోయినదాన్ని ఏ సీసా తిరిగి తీసుకురాలేదు, పట్టిన జిగురుని మళ్లీ మంచి పెట్రోల్‌గా మార్చలేదు.

ఆ జిగురు ఇన్‌టేక్ వాల్వ్ (పెట్రోల్, గాలి ఇంజిన్‌లోకి వెళ్లే దారిని తెరిచి మూసేది) కాడకి పట్టుకుంటుంది. వేడిగా ఉన్నంతసేపు మెత్తగానే ఉంటుంది కాబట్టి ఇంజిన్ హాయిగా తిరుగుతుంది. చల్లారాక గట్టిపడి వాల్వ్‌ని గైడ్‌లో, అంటే కాడ జారే గొట్టంలో, బిగించేస్తుంది. మర్నాడు క్యామ్ (ఇంజిన్‌తో పాటు తిరిగే ఉబ్బెత్తు ఇరుసు) పుష్‌రాడ్‌ని పైకి నెడుతుంది, వాల్వ్ కదలదు, వంగేది పుష్‌రాడ్. "నిన్న బ్రహ్మాండంగా నడిచిందే" అని అందరూ అనేది అందుకే.

కాబట్టి ముందు ట్యాంక్‌లోంచి కాస్త పెట్రోల్ గాజు సీసాలోకి తీయండి. పక్కనే తాజా పెట్రోల్ ఇంకో సీసాలో పెట్టి పోల్చండి. రంగు ముదిరిందా, పుల్లటి వార్నిష్ వాసన వస్తోందా? మొత్తం తీసేయండి. "సగం కొత్తది కలిపితే సరిపోతుంది" అనే సలహా వినొద్దు. సీసాని కాసేపు కదలకుండా ఉంచితే అడుగున వేరే పొర తేరుకుందా? అప్పుడూ మొత్తం తీసేయాల్సిందే. ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిసిన పెట్రోల్ తేమని పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటాక ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకి దిగిపోతాయి. ట్యాంక్‌లోంచి పెట్రోల్ లాగే పైపు ఉండేది కూడా అడుగునే. పైన మిగిలిన పెట్రోల్‌కేమో ఆక్టేన్ (నాకింగ్ లేకుండా మండే గుణం) పడిపోతుంది. దీన్ని తిరిగి కలిపేస్తామని చెప్పే సీసాల మీద నాకు నమ్మకం లేదు.

సరైన వరస ఇది. ట్యాంక్ దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు, లేబుల్ మీద చెప్పిన కొలత ప్రకారం ముందు స్టెబిలైజర్ పోయండి. ఆపైన తాజా పెట్రోల్ నింపండి, ఆ ధారకే రెండూ కలుస్తాయి. ఆరుబయట పది, పదిహేను నిమిషాలు ఇంజిన్ నడపండి, లేదా చిన్న రౌండ్ వేసి రండి. ఈ చివరి పని చాలామంది మానేస్తారు. ట్యాంక్‌లో పోసి మూత పెట్టేస్తే కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) బౌల్‌లో పాత పెట్రోలే మిగులుతుంది. అది ఎండి జెట్‌లు (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) మూసుకుపోతాయి, తప్పు స్టెబిలైజర్ మీద పడుతుంది.

ఇక పాత ఇంజిన్లకి సీసానికి (లెడ్) బదులు మందు పోయాలా అన్న సంగతి. 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్లీ బృందం పెట్రోల్‌లో కలిపే సీసపు రసాయనం టెట్రాఇథైల్ లెడ్‌కి ఇంజిన్ నాకింగ్‌ని (పెట్రోల్ తప్పు సమయంలో మండి టకటక కొట్టడాన్ని) ఆపే గుణం ఉందని కనిపెట్టింది. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్ల (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచుల) మీద పలుచటి పూతలా నిలిచి అవి అరగకుండా కాపాడేది. 2021 నాటికి ప్రపంచంలో రోడ్డు వాహనాలకి సీసం పెట్రోల్ అమ్మకం పూర్తిగా ఆగిపోయింది. మీ ఇంజిన్‌కి గట్టి సీట్లు వేయించి ఉంటే సీసానికి బదులు పోసే మందు అక్కర్లేదు. వేయించకపోతే, పోతపోసిన ఇనుప హెడ్‌లోనే సీట్లు చెక్కి ఉంటే, ఎగ్జాస్ట్ వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ కాడ పైన వదిలే సన్నటి సందు) గమనిస్తూ ఉండండి. సెట్ చేసిన కొద్దిరోజులకే మళ్లీ తగ్గిపోతోందంటే సీటు అరుగుతోందన్నమాట. ఈ మందుల్లో సోడియం, పొటాషియం, మాంగనీస్, ఫాస్ఫరస్ రకాలున్నాయి. ఒకదాన్ని ఎంచుకుని దాంతోనే ఉండండి, కలపొద్దు. ఆక్టేన్ బూస్టర్ వేరే వస్తువు; అది వాల్వ్ సీట్లని కాపాడుతుందని అనుకోకండి.

ఇథనాల్‌కి పోసే మందులు తుప్పుని కొంత అడ్డుకుంటాయి. రబ్బరుని కాపాడవు. పాత రబ్బరు హోస్‌లు, కార్క్ గాస్కెట్లు, వార్నిష్ పూసిన కార్క్ ఫ్లోట్, ఫైబర్‌గ్లాస్ ట్యాంక్, ట్యాంక్ లోపలి పాత సీలర్ పూత – వీటన్నిటికీ ఇథనాల్ పడదు. బండి తగలబడే ప్రమాదం ఉండేది ఇక్కడే: మెత్తబడి చిట్లిన హోస్, కింద వేడి ఎగ్జాస్ట్. ఇథనాల్‌కి తట్టుకునే హోస్‌లు వేయించండి. సీసా కన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది వాటి మీద.

ఇక వరసగా చెప్పేస్తున్నా.

– పాత పెట్రోల్‌లో స్టెబిలైజర్ పోయొద్దు. "కొంచెమే పాతది" అయినా సరే.

– రెండు మూతలు ఎక్కువ పోస్తే రెండింతలు పనిచేయదు. కొలత దాటొద్దు.

– సగం ట్యాంక్‌తో బండిని మూలన పెట్టొద్దు. ఖాళీ జాగా ఎంతుంటే తేమ అంత చేరుతుంది. పెట్రోల్ వ్యాకోచించడానికి కాస్త చోటు వదిలి నింపండి, లేదా పూర్తిగా తీసేయండి.

– అసిటోన్ వద్దు. రబ్బరుని తినేస్తుంది, ఒలికితే పెయింట్ కూడా లేస్తుంది.

– నాఫ్తలీన్ ఉండలు వద్దు. పెట్రోల్ ఆవిరయ్యాక జెట్‌లలో స్ఫటికాలు మిగులుతాయి.

– ఇథనాల్ పెట్రోల్‌లో మళ్లీ ఆల్కహాల్‌తో చేసిన "నీళ్లు తీసే మందు" పోయొద్దు. ఉన్న ఆల్కహాల్ చాలదా?

– పైపు నోట్లో పెట్టి పెట్రోల్ పీల్చొద్దు. ఊపిరితిత్తుల్లోకి కొంచెం పోయినా ఆస్పత్రే. చేతి పంపు వాడండి.

– కార్బురేటర్‌లో పెట్రోల్ పోస్తూ పక్కవాణ్ని "కొట్టు సెల్ఫ్" అనొద్దు. బ్యాక్‌ఫైర్ అయిందంటే (ఇంజిన్ వెనక్కి తన్నిందంటే) మంట మీ చేతిలోని సీసాకే వస్తుంది.

– ట్యాంక్ ఖాళీ చేసేటప్పుడు బ్యాటరీ వైరు తీయండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. కాబట్టి బండి కింద పనిచేసే గుంటలో దిగి ఈ పని చేయొద్దు. డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట ఉండాలి, డిక్కీలో సామాన్ల కింద కాదు.

– పాత పెట్రోల్‌తో ఇప్పటికే ఒకసారి నడిపేశారా? స్టార్టర్ ముట్టుకోకండి. ప్లగ్గులు తీసి, రాకర్ కవర్ తీసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పండి. ప్రతి వాల్వ్ దిగి, తిరిగి పైకి రావాలి. ఎక్కడైనా బిగుతుగా తగిలితే ఆపేయండి, బలం చూపించకండి.

– తీసేసిన పెట్రోల్ కాలవలో పోయొద్దు, చెత్త తగలబెట్టడానికి వాడొద్దు. మూత బిగించి ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఇచ్చేదాకా డబ్బా మీద "పాడైన పెట్రోల్" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు దాన్ని మళ్లీ ట్యాంక్‌లో పోసి, పైన స్టెబిలైజర్ కూడా పోస్తారు.