మోడల్ సబ్‌మెరైన్‌కి చుక్కాని, రెక్కలు: డెల్టా నీళ్లకు తగ్గట్టు

ఇది మనిషి ఎక్కేది కాదు, రిమోట్‌తో నడిచే మోడల్. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, మీటరు పొడవు, రెండు చివర్లూ మూసేసి, నీళ్లు నింపే ట్యాంకు లేకుండా రెక్కల బలంతోనే మునిగేది.

రెక్కలు కొయ్యకముందే తూకం తేల్చుకోండి. ఆ పైపు పూర్తిగా మునిగితే 9.5 లీటర్ల నీటిని తోస్తుంది. అంటే కాలువ నీటిలో మొత్తం బరువు 9.5 కిలోలకు 50 గ్రాములు తక్కువ ఉండాలి. మోటారు ఆగినా, సిగ్నల్ పోయినా దాన్ని పైకి తెచ్చేది ఆ 50 గ్రాముల తేడాయే.

ఆ తేడాను ముందువైపు రెక్కలు గెలవాలి. ఒక్కో రెక్క 15 చదరపు సెంటీమీటర్లు, రెండూ కలిపి 30. సెకనుకు మీటరు వేగంలో, 20 డిగ్రీలు వంచితే సుమారు 120 గ్రాముల బలంతో కిందికి లాగుతాయి. వేగం సగమైతే బలం పావు వంతే, అంటే 30 గ్రాములు. అప్పుడు ఎంత వంచినా పైకి తేలిపోతుంది. చాలామంది రెక్క చిన్నదనుకుని పెద్దది చేస్తారు, కానీ తప్పు వేగంలో ఉంటుంది. కోణం 25 డిగ్రీలు దాటించినా లాభం లేదు, నీరు రెక్కను వదిలేస్తుంది.

ధవళేశ్వరం దిగువన కాలువలో సరిచూసుకున్న తూకం కాకినాడ తీరంలో పనికిరాదు. సముద్రపు నీటిలో అదే పైపు మరో 240 గ్రాముల దాకా తేలుతుంది. 120 గ్రాముల బలమున్న రెక్కలు దాన్ని ముంచలేవు. రొయ్యల చెరువులో లీటరుకు 10 గ్రాముల ఉప్పున్నా తేడా 70 గ్రాములు, వాన పడితే అదీ మారుతుంది. వలలకు కట్టే సీసం గుళ్లను సంచీలో వేసుకెళ్లి, దిగిన ప్రతి చోటా తేలుడు చూసి సర్దండి. సీసం అడుగునే ఉండాలి. బరువు కేంద్రం పైపు మధ్య గీతకు కనీసం సెంటీమీటరు కిందికి రాకపోతే మలుపులో పక్కకు ఒరుగుతుంది. ఒరిగాక చుక్కాని కూడా రెక్కలా పనిచేసి లోతు మార్చేస్తుంది.

చుక్కాని పైన 20, కింద 20 చదరపు సెంటీమీటర్లు. రెండూ సమానంగా ఉండాలి, లేకపోతే అది కూడా ఒరిగించేదే. వెనక రెక్కలు ఒక్కోటి 15. ఇరుసును రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు దగ్గర పెట్టండి. ఇంకా వెనక్కి జరిపితే రెక్క తనంతట తనే తిరగాలని చూస్తుంది, దాన్ని తిప్పే చిన్న మోటారు (సర్వో) వణుకుతుంది.

తోకలో అసలు చిక్కు వేరే. చుక్కాని ఇరుసు, వెనక రెక్కల ఇరుసు, మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్, మూడూ ఒకే చోట తగులుకుంటాయి. చుక్కానిని 3 సెంటీమీటర్లు ముందుకు జరిపి, రెండు ఇరుసులనూ షాఫ్ట్‌కు తగలకుండా దాని చుట్టూ వెళ్లేలా గుర్రపు నాడా ఆకారంలో వంచండి. సర్వో నుంచి రెక్కను తోసే కడ్డీకి 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ సైకిల్ స్పోక్ చాలు. పైపు గోడ దాటే చోట ఇత్తడి గొట్టం, ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే వలయం), సిలికాన్ గ్రీజు. రబ్బరు బూటు (కడ్డీ మీది తొడుగు) వాడితే పెట్రోలియం గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఈ వేగంలో నీరు రెక్కలపై వేసే బరువు సర్వోకి లెక్కలోది కాదు, సీలు బిగువే దాన్ని అలసటపెడుతుంది. కీళ్లలో లూజు ఉంటే సబ్‌మెరైన్ పాములా వంకరలు పోతుంది.

గుర్రపు డెక్క వేళ్లు రెక్కల సందులో చిక్కుతాయి. ముందు అంచును 30 డిగ్రీలు వెనక్కి వాల్చి, రెక్కకూ పైపుకూ మధ్య 2 మిల్లీమీటర్లకు మించి ఖాళీ వదలకండి.

సిగ్నల్ సంగతి: 2.4 గిగాహెర్ట్జ్ నీటిలోకి దిగదు. రిసీవర్ యాంటెన్నాను తేలే చిన్న బెండుపై నిలబెట్టి, 2 మీటర్ల కోయాక్స్ (యాంటెన్నా సిగ్నల్ మోసే) తీగతో లాక్కెళ్లనివ్వండి. మలుపులో తీగ ప్రొపెల్లర్‌కి చుట్టుకోకుండా పైపు మధ్యలో, పైభాగాన కట్టాలి.

గైరో (వాలును పసిగట్టి దానంతటదే సరిచేసే పరికరం) పెడితే వెనక రెక్కలకే పెట్టండి, లోతు మీ చేతిలో ముందు రెక్కలతో ఉంచండి. నీటిలో దించేముందు ముక్కును కిందికి వంచి చూడండి: వెనక రెక్కల వెనక అంచు పైకి లేవాలి. కిందికి దిగితే వైరింగ్ దిశ తిరగబడినట్టే. అలాగే వదిలితే తిన్నగా బురదలోకి దూరుతుంది. దిశ సరిగ్గా ఉన్నా పైకీ కిందికీ ఊగుతుంటే గైరో గెయిన్ (ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పే అమరిక) తగ్గించండి.