ఫైబర్ పడవకు అతుకు వేసే ముందు జాగ్రత్తలు

సాగర్ బ్యాక్‌వాటర్, సోమశిల, జూరాల ఒడ్డున వేసవిలో నీళ్లు తగ్గాక పడవ పైకి లాగారా? రెసిన్ (మ్యాట్‌ను పడవకు పట్టించే జిగురు ద్రవం) డబ్బా మూత తీసే ముందే ఇవి చూసుకోండి.

• ఊదారంగు కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం), హార్డ్‌నర్ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం) ఈ రెండూ నేరుగా కలవనే కూడదు. కలిస్తే భగ్గుమంటుంది, పేలనూవచ్చు. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలిపేయాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్. ఒకే మూతతో రెండూ కొలవడం దగ్గరే ప్రమాదమంతా, కొలగ్లాసులు వేరువేరుగా పెట్టుకోండి. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ కూడా అమ్ముతారు, కొనేటప్పుడే అడగండి.

• హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. గాగుల్స్ తప్పనిసరి. బిందెడు మంచినీళ్లు పక్కనే ఉండాలి. పడితే 15 నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి.

• చిల్లు చుట్టూ 3 అంగుళాల మేర రంగు పోయేదాకా రుద్దాక, ప్లాస్టిక్ కవర్ పరిచి అంచులకు టేపు వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కవర్ లోపల చెమట పట్టినట్టు బొట్లుంటే ఇంకా ఆరలేదు. తడి మీద వేసిన మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) పొరలుగా లేచొస్తుంది.

• 450 గ్రాముల (చదరపు మీటరుకు) మ్యాట్ 3 ముక్కలు, ఒకదానికంటే ఒకటి పెద్దవిగా, ముందే కోసి పెట్టుకోండి.

• కిలో రెసిన్‌కు హార్డ్‌నర్ 10 నుంచి 20 మి.లీ. మన ఎండలకు 10 చాలు. ఒక్కసారికి పావుకిలోనే కలపండి, అదీ పొద్దున్నే, నీడలో. మగ్గులో మిగిలింది వేడెక్కి పొగలు కక్కుతుంది.

• గుడ్డ మాస్కు రెసిన్ వాసనను ఆపదు, గాలాడే చోటే పని పెట్టుకోండి. బీడీ, పొయ్యి దరిదాపుల్లో వద్దు.