కుంతాల, పొచ్చెర జలపాతాలు: వానాకాలంలో ఒక రోజు ప్రయాణానికి జాగ్రత్తలు

ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకి, రాతి గోడల మధ్య నుంచి లోయలోకి సాగిపోయే చోటు కుంతాల. వానలు పడ్డాక అక్కడి నీటి హోరు మెట్ల మొదట్లోనే వినిపిస్తుంది. దానికి కొద్ది దూరంలో, బోథ్ మండలంలో ఉన్న పొచ్చెర జలపాతం ఎత్తు 20 మీటర్లే అయినా వెడల్పుగా, ఉధృతంగా పారుతుంది. పొద్దున్నే బయలుదేరి రెండింటినీ చూసి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణం ఇటీవల బాగా అలవాటైంది. ఈ రెండు చోట్లా ఇప్పటికే ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు కనుక, వెళ్లేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట దూరం సంగతి. నిర్మల్, ఆదిలాబాద్, నిజామాబాద్ వారికి ఇది హాయిగా సరిపోయే ఒక రోజు ప్రయాణం. హైదరాబాద్ నుంచి మాత్రం 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 260 కిలోమీటర్లు, అంటే పోను ఐదు గంటలు, రాను ఐదు గంటలు. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్య బయలుదేరలేనివారు నిర్మల్‌లో ఒక రాత్రి ఉండేలా ఏర్పాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆలస్యంగా చేరినవారే హడావిడిగా మెట్లు దిగుతారు, చీకటి పడ్డాక ఎక్కుతారు, నిద్రమత్తులో బండి నడుపుతారు.

వాతావరణం చూసుకోవడంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. తమ ఊళ్లో ఎండ ఉందా, నేరడిగొండలో వాన పడుతోందా అని మాత్రమే చూస్తారు. కుంతాలలో దూకే నీరు కుంతాలలో కురిసిన వాన నీరు కాదు. పైన బోథ్, బజార్‌హత్నూర్ వైపు కొండల మీద కురిసినదంతా వాగుల్లోంచి కడెంలోకి చేరి, కొంతసేపటికి ఇక్కడికి వస్తుంది. కాబట్టి మీరు నిలబడిన చోట నీలాకాశం కనిపిస్తున్నా పైనుంచి వరద రావచ్చు. ఆ వరద ఎంత పెద్దదో తెలియాలంటే దిగువనున్న కడెం ప్రాజెక్టును తలచుకుంటే చాలు: 2022 జూలైలో అక్కడ నీరు గేట్ల పైనుంచి పొర్లింది, ఆనకట్ట నిలుస్తుందో లేదోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అందువల్ల ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం, మళ్లీ బయలుదేరే ముందు, ఆదిలాబాద్ జిల్లా మొత్తానికి వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరికను చూడాలి. ఆ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.5 దాటితే అత్యంత భారీ వర్షం. ఆరెంజ్ గానీ రెడ్ గానీ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. అంతకు ముందు రెండు రోజులు కుండపోతగా కురిసి ఆ రోజు తెరిపి ఇచ్చినా సరే, నీటికి దూరంగా పైనుంచే చూసి రావాలి.

నీరు పెరగబోతోందని ఏటి ఒడ్డునే గుర్తుపట్టవచ్చు. కొన్నేళ్ల క్రితం ఒక సెప్టెంబరులో మేము కుంతాల దిగువన ఒక బల్లపరుపు బండ మీద పులిహోర డబ్బా విప్పుకుని కూర్చున్నాం. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, నీటి అంచు దగ్గర కోడిగుడ్డంత రాయి ఒకటి పెట్టి, "ఇది తడిస్తే లేసి పోండ్రి బిడ్డా" అని చెప్పి వెళ్లిపోయాడు. మేము నవ్వుకున్నాం. పావుగంట కాకముందే ఆ రాయి చుట్టూ తడి చేరింది, తర్వాత దాని మీది నుంచి సన్నని పొర ఒకటి జారింది. తేటగా ఉన్న నీళ్లు టీ రంగుకు తిరిగాయి, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైంది. డబ్బా మూత కూడా పెట్టకుండా పైకి ఎక్కాం. అరగంట తర్వాత మెట్ల మీది నుంచి చూస్తే ఆ బండ కనిపించలేదు. ఆ తర్వాత ఏ వాగు దగ్గర కూర్చున్నా ఒక రాయిని కాపలా పెట్టడం నాకు అలవాటైంది. రాయి తడవడం, నీటి రంగు మారడం, చెత్త కొట్టుకురావడం, హోరు ఉన్నట్టుండి పెరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చెప్పులు వెతుక్కోకుండా ఒడ్డున ఎత్తైన చోటికి వెళ్లాలి. ఫొటో తీసుకుని వెళదామనే ఆలోచన అసలు పెట్టుకోకూడదు.

ఇలాంటి వరదలో చిక్కుకునేవారు సాధారణంగా రెండు చోట్ల ఉంటారు: ప్రవాహం మధ్యలో ఉన్న బండ మీద, లేదా వాగు దాటి అవతలి ఒడ్డున. 2024 జూన్ 30న మహారాష్ట్రలోని లోనావాలాలో, భుషీ డ్యామ్ వెనుకనున్న జలపాతంలో ఒక కుటుంబం నడుమ బండ మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడగా, చూస్తుండగానే వరద వారిని లాగేసింది, ఐదుగురు మరణించారు. 2023 జూలై 26న ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి వెళ్లిన 80 మందికి పైగా సందర్శకులు, పొద్దున దాటిన వాగు సాయంత్రానికి పొంగడంతో అడవిలోనే నిలిచిపోయారు. వాగు దాటే ప్రయత్నం చేయవద్దని పోలీసులు ఫోన్‌లో చెప్పగా వారు ఇవతలికి రాకుండా ఆగారు, ఆ రాత్రి సహాయక బృందాలు వెళ్లి అందరినీ క్షేమంగా తీసుకువచ్చాయి. రాత్రంతా ఆకలితో తడుస్తూ కూర్చోవలసి వచ్చినా ఆగడమే సరైన పని. మోకాలి లోతు నీరే కదా అనిపించే ప్రవాహం మనిషిని పడగొడుతుంది. వేగం ఉంటే పదిహేను సెంటీమీటర్ల లోతు కూడా అందుకు చాలు.

ఇక జలపాతం కింది గుండాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈత వచ్చినవారు కూడా మునిగిపోయేది అక్కడే. ఏళ్ల తరబడి నీరు ఒకే చోట పడి రాతిని తొలిచేయడం వల్ల గుండం లోతు అడుగడుగుకూ మారుతుంది, నీటి అడుగున అంచుల కింద బిలాలు ఏర్పడతాయి. పైనుంచి పడిన నీరు అడుగుకు వెళ్లి, పక్కలకు లేచి, తిరిగి ధార కిందికే మళ్లుతుంది. ఆ చక్రంలో పడినవారిని అది మళ్లీ మళ్లీ ధార కిందికే లాగుతుంది. పైగా అక్కడి నీటిలో గాలి బుడగలు ఎక్కువ కావడంతో నీరు పలచబడి మనిషిని తేల్చే శక్తి తగ్గుతుంది. చెరువులోనో బావిలోనో ఈత నేర్చినవారి ధీమా అక్కడ పనికిరాదు. జీన్స్ ప్యాంటు తడిస్తే కాళ్లకు చుట్టుకుని కదలనివ్వదు. అందుకే వానాకాలంలో గుండంలోకి దిగకూడదు. ఎండాకాలంలో నీరు నిలకడగా కనిపించినప్పుడు కూడా దూకకూడదు. స్థానిక పిల్లలు దూకుతున్నారు కదా అని మనం దూకడం తెలివితక్కువతనం, వారికి ఏ రాయి ఎక్కడుందో తెలుసు. మద్యం తాగినవారిని నీటి దగ్గరికే పోనివ్వకూడదు. అవసరమైతే సీసాలను బయలుదేరే ముందు ఇంటి దగ్గరే దించేయాలి.

పాకుడు పట్టిన రాయి రెండు రకాలు. పచ్చగా కనిపించేదాన్ని అందరూ గుర్తిస్తారు. నల్లగా, తడిగా, నిగనిగలాడుతూ శుభ్రంగా కనిపించేది అంతకన్నా ప్రమాదకరం. పట్టున్న అడుగుతో, మడమకు పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. హవాయి చెప్పులు, నున్నటి బూట్లు వద్దు. జలపాతం పై అంచుకు, అంటే నీరు దూకబోయే చోటుకు, ఎప్పుడూ పోకూడదు. సెల్ఫీ కోసం కంచె దాటడం, కెమెరాలో చూసుకుంటూ వెనక్కి అడుగు వేయడం రెండూ ఒకటే తప్పు.

కుంతాలలో కింది దాకా సుమారు నాలుగు వందల మెట్లు ఉన్నాయి. దిగడం సులువే కానీ ఎక్కేటప్పుడు మోకాళ్ల నొప్పులున్నవారికీ, గుండె జబ్బు ఉన్నవారికీ కష్టం. వారు పై నుంచే చూడటం మేలు. ప్రతి పిల్లవాడికీ ఒక పెద్ద మనిషిని పేరు పెట్టి అప్పగించాలి. "అందరం చూస్తూనే ఉన్నాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టుల కింద పొగ పెట్టకూడదు, వంట చేయకూడదు. ఉరుము వినిపిస్తే బండ మీద గానీ ఒంటరి చెట్టు కింద గానీ ఉండకుండా బండిలోకి చేరాలి. కోతుల ఎదుట ఆహారం విప్పకూడదు.

ఎవరైనా నీటిలో పడితే వెంట దూకవద్దు; ఒకరి కోసం దూకి ముగ్గురు పోయిన సంఘటనలు మన జలపాతాల దగ్గర కొత్త కాదు. తాడు, చీర, చున్నీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్, ఏదున్నా విసిరి ఒడ్డు నుంచే లాగాలి. ఇరవై మీటర్ల నైలాన్ తాడు బరువేమీ కాదు, సంచిలో పెట్టుకోండి. బయటికి తీసిన మనిషి ఊపిరి తీసుకోకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయకూడదు. నోటి ద్వారా రెండు ఊదులు ఊది, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ప్రతి 30 నొక్కులకూ రెండు ఊదులు చొప్పున అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. తేరుకుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం తెప్పించవచ్చు. పెద్ద ఆసుపత్రులు ఆదిలాబాద్‌లో రిమ్స్, నిర్మల్‌లో ప్రభుత్వ ఆసుపత్రి. లోయలో సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి 112, 108 నంబర్లకు ఫోన్ చేయడానికి ఒకరు వెంటనే పైకి పరుగెత్తాలి.

తిరుగు ప్రయాణంలో కల్వర్టుల మీద నీరు పారుతుంటే బండి దిగి చూడటం కూడా వద్దు, ఆగిపోవాలి. అడుగు లోతు నీటిలో చిన్న కారు తేలిపోతుంది, రోడ్డు అడుగున ఉందో కోసుకుపోయిందో పైకి కనిపించదు. సాయంత్రం నాలుగు గంటలకు మెట్లెక్కడం మొదలుపెడితే, చీకటి పడకముందే మహబూబ్ ఘాట్ మలుపులు దిగి నిర్మల్‌లో టీ తాగవచ్చు.